తోట పలక మీద చివరి వరుస

అడవి అంచున మా విడిది ఇల్లు. ఎనిమిది గదులు, పొడుగాటి వసారా, వెనక తోట, తోట అయిపోయిన చోటి నుంచి అడవి. ఆ చెట్లు ఎంత ఎత్తంటే, ఒకసారి పై కొమ్మ నుంచి ఊడిన ఆకు నేల మీద పడేసరికి చలికాలం వెళ్లిపోయి ఎండలు వచ్చేశాయి. నవ్వకండి, నేను పక్కనే ఉన్నాను.

వసారాలో మేకుకి ఒక నల్ల పలక వేలాడుతూ ఉంటుంది. మా అత్తగారు పెట్టిన పద్ధతి అది. పొద్దున్నే తోటంతా ఒక చుట్టు తిరిగి, ఏ పువ్వు విచ్చిందో, ఏ పిట్ట వాలిందో సుద్దముక్కతో రాయాలి. చివరి వరుసలో, ఆ పొద్దు తోటలో ఎంతమంది తిరిగారో రాయాలి. మనుషుల అలికిడిని బట్టే పిట్టలు వస్తాయని ఆవిడ నమ్మకం. "కంటితో చూసిందే రాయి, నోటికొచ్చింది కాదు" అని మరీ మరీ చెప్పి పలక నా చేతిలో పెట్టి పోయింది. పోయి పదకొండేళ్లు.

నాకేమో ఒకటి చూస్తే పది రాయందే చెయ్యి ఊరుకోదు. మూడు గులాబీలు పూస్తే ముప్పై అంటాను. బసకి వచ్చేవాళ్లు నన్ను 'కోతల బామ్మ' అంటారు, అదీ నా ముందే. చదివి నవ్వుకుని, టీ తాగి తోటలోకి వెళ్లేవాళ్లు. ఎవరికీ ఏ నష్టమూ లేదు. కిందటి ఎండాకాలం మాత్రం ఒక కళ్లజోడు పెద్దమనిషి, నేను రాసిన రెండు వందల వడ్రంగిపిట్టల కోసం నాలుగు రోజులు మెడ ఎత్తి చూశాడు. ఒక్కటి కనిపించింది. మెడ పట్టేసింది. మా ఆయన మీద ఇంతెత్తున లేచాడు.

"ఇంకొక్క మాట పడ్డానంటే ఆ పలక వంటాయన చేతికిచ్చేస్తాను," అన్నాడు మా ఆయన.

వంటాయనకా! ఉప్పురాళ్లు కూడా లెక్కపెట్టి వేసే మనిషికా! గదుల సంగతి మా ఆయన చూస్తాడు, పొయ్యి సంగతి వంటాయన చూస్తాడు. ఇంత ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ జానెడు నలుపే. అది కూడా పోతే నేను వసారాలో ఇంకో కుర్చీని.

ఆకులు రాలడం మొదలైన వారమే దిద్దుబాట్లూ మొదలయ్యాయి. 'బంతిపూలు: నాలుగు వందలు' అని రాసి, లోపలికి వెళ్లి టీ తాగి వచ్చాను. నాలుగు వందలు కొట్టేసి ఉంది. పక్కన సన్నటి అక్షరాలతో 'పదిహేడు'. వెళ్లి లెక్కపెట్టాను. పదిహేడే. ఒళ్లు మండిపోయింది.

నేరుగా వంటింట్లోకి వెళ్లి నిలదీశాను.

"అమ్మా, నా చేతులు చూడండి, మోచేతుల దాకా పిండి," అన్నాడు వంటాయన. "పలక మీద ఎక్కడైనా పిండి అంటిందా?"

అంటలేదు. అదే నా ఏడుపు.

మర్నాడు 'పుట్టగొడుగు: బండి చక్రమంత' అని రాస్తే 'చొక్కా గుండీ అంత' అని దిద్ది ఉంది. ఆ మర్నాడు 'పావురాలు: వెయ్యి' అంటే 'రెండు. ఒకటి కుంటిది' అని ఉంది. నేనే గమనించలేదు. పరుగున వెళ్లి చూస్తే, నిజంగానే ఒకటి కుంటుతోంది.

మా ఆయన్ని లాక్కొచ్చి చూపించాను. గాలికి వాలినట్టు కుడివైపుకి ఒరిగిన ఆ అక్షరాలు చూసి ఆయన పలక దగ్గరికి వంగాడు.

"మా అమ్మ రాత," అన్నాడు.

"బతికున్నన్నాళ్లూ నా కూర దిద్దింది. పోయాక నా పలక దిద్దుతోందా?"

"నువ్వు సరిగ్గా రాస్తే ఆవిడెందుకు దిద్దుతుంది?"

చూశారా! దెయ్యమైనా సరే, తల్లి తల్లే. తప్పు మాత్రం నాది.

శనివారం కొత్తవాళ్లు వస్తున్నారు. ఆలోపు ఈ గొడవ తేల్చుకోవాలనుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఉన్నది ఉన్నట్టు రాస్తాను. దిద్దడానికి ఏమీ దొరక్కపోతే ఏం చేస్తుందో చూద్దాం. సాక్ష్యానికి మా ఆయన్నీ, వంటాయన్నీ కూడా తోటలోకి బయల్దేరదీశాను.

తెల్లవారింది, ఎండ ఇంకా రాలేదు. గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుపోయి ఉంది. కుళ్లిన ఆకుల వాసన. అడవి వైపు నుంచి చిన్న చప్పుడు కూడా లేదు. ముగ్గురం పక్కపక్కనే, పక్కవాళ్ల మోచేతులు తగిలేంత దగ్గరగా నడిచాం. వంగి చూశాం, వేళ్లు మడిచి లెక్కపెట్టాం, తిరిగొచ్చాం. నేను రాశాను.

గులాబీలు: లేవు.
గుడ్లగూబ: ఒకటి, కళ్లు మూసుకుని.
తోటలో తిరిగినవాళ్లు: ముగ్గురు.

"ఇప్పుడు దిద్దమను," అన్నాను. సుద్దముక్క నా గుప్పిట్లోనే ఉంది. ఉన్న ఒక్క ముక్కా అదే.

ముగ్గురం పలక ముందే నిలబడ్డాం.

ఏమీ లేదు.

తర్వాత వాసన వచ్చింది... మా అత్తగారు మోకాళ్లకి రాసుకునే తైలం వాసన. ఘాటుగా. దగ్గరగా.

కర్ర్...

మా కళ్ల ముందే 'ముగ్గురు' మీద ఒక గీత పాకింది. తొందర లేకుండా... అటు చివరి దాకా. పక్కన ఒక్కో అక్షరమే లేచింది.

ఇద్దరు.

"మీ అమ్మ లెక్క తప్పింది," అన్నాను.

"మా అమ్మ లెక్కా?" మా ఆయన గొణిగాడు. "ఎప్పుడైనా తప్పిందా?"

"అమ్మా..." వంటాయన గుసగుసలాడాడు. "ఒకసారి వెనక్కి చూడండి."

చూశాను. మంచు మీద అడుగులు. వెళ్లినవీ, వచ్చినవీ. రెండు వరుసలు. రెండే. వాటి మధ్య మనిషి పట్టేంత చోటు, చెక్కు చెదరకుండా, తెల్లగా...

"మధ్యలో ఎవరు నడిచారు?" అన్నాను.

మా ఆయన వైపు తిరిగాను.

"మీరే కదండీ?"

"నేను ఈ చివర. మధ్యలో నువ్వే."

"నేను కాదు! వంటాయనా, నువ్వు కదూ?"

"లేదమ్మా... నేను ఆ చివర."

ముగ్గురివీ ఒకే కొట్లో కొన్న, ఒకే రకం చెప్పులు. ఒక్కొక్కళ్లూ దిగి మంచు మీద ఒక్క అడుగు వేస్తే తేలిపోతుంది కదా! "దిగండి," అన్నాను. "ముందు నువ్వు దిగు," అన్నాడు మా ఆయన. వంటాయన స్తంభాన్ని పట్టుకున్నాడు. ఒక్క అడుగు! దానికోసం ఎంత తిట్టానో, ఎంత బతిమాలానో. ఎవరూ దిగలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ దిగలేదు. ఎండ వచ్చేదాకా మెట్టు మీదే నిలబడ్డాం. మంచు కరిగిపోయింది.

శనివారం వాళ్లు వచ్చారు, వెళ్లారు. పలక ఇప్పుడు నాదే. ఇమ్మని ఎవరూ అడగడం లేదు. రోజూ మా ముగ్గుర్నీ కలిపే రాస్తాను. రోజూ ఒకర్ని తగ్గించి దిద్ది ఉంటుంది. బసవాళ్లు లేవకముందే అరచేత్తో తుడిచేసి, మళ్లీ రాస్తాను. వెయ్యి పావురాలు రాసిన చేతికి ఒక్క మనిషి ఎక్కువయ్యాడా?

ఒక్క టీ సంగతే తేలడం లేదు. పొద్దున్నే మూడు కప్పులు పోస్తాను. ముగ్గురం ఒక్కచోటే కూర్చుని తాగుతాం. కడగడానికి తీసేటప్పుడు చూస్తే, రెండు ఖాళీగా ఉంటాయి. మూడోది అంచు దాకా నిండుగా, చల్లారిపోయి ఉంటుంది.

ఎవరిదని అడిగితే, తాగేశానంటాడు మా ఆయన. తాగేశానమ్మా అంటాడు వంటాయన.

నేనూ తాగేశాను. నాలిక కాలింది కూడా.