సూదిరాణి గొంతు

ఆ స్టూడియోలో డబ్బింగ్ గది అగ్గిపెట్టెంత ఉంటుంది. గోడలనిండా నల్ల స్పాంజి, ఎదురుగా దళసరి అద్దం. కిటికీ అన్నది లేదు. తలుపు వేస్తే మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. మైకు ముందు నిలబడితే ఎవరి గుండె వాళ్ళకే వినబడుతుంది. అక్క ఈ గదిలోనే పదకొండు ఎపిసోడ్లకి గొంతు ఇచ్చింది. ఆగిపోయిన పన్నెండోది పూర్తి చేయడానికి ఇప్పుడు చెల్లెలు వచ్చింది.

అదొక యానిమే, అంటే జపాను బొమ్మల సీరియల్. అందులో విలన్ సూదిరాణి. మనుషుల పెదాలు కుట్టేసి వాళ్ళ గొంతులు ఎత్తుకుపోతుంది. పిల్లలు దుప్పటి ముసుగేసుకుని మరీ చూశారంటే అదంతా అక్క గొంతు మహిమే. పన్నెండో ఎపిసోడ్లో సూదిరాణి చావుకేక ఒకటుంది. అది చెప్పేరోజు అక్కకి ఒళ్ళు కాలిపోయే జ్వరం, చెమటకి తడిసిన కంబళి కప్పుకునే వచ్చింది. డైరెక్టరు వింటేగా! ప్రతి టేకుకీ "మళ్ళీ" అనడం ఆయన జబ్బు. చాటుగా అందరూ ఆయన్ని "మళ్ళీ సారు" అనేవాళ్ళు. ఆరోజు నలభైసార్లు అన్నాడు. నలభయ్యో కేకకి అక్క నోట నెత్తురు పడింది. మాట పోయింది.

"ఒళ్ళు దగ్గర పెట్టుకోకపోతే నేనేం చేసేది?" అని చేతులు దులుపుకున్నాడు సారు.

ఏడాది తిరక్కుండానే, ఒక పగటిపూట, అక్క తన గదిలో ఊపిరాడక పడిపోయి, అక్కడే ప్రాణం విడిచింది. పక్కగదిలోనే చెల్లెలుంది. పిలవడానికి అక్కకి గొంతేదీ?

"అచ్చం మీ అక్క గొంతే నీది" అని సారు కబురు పెట్టినప్పుడు చెల్లెలు కడుపుమంట మింగి, సరేనంది. వెళ్ళి ఏం చేస్తుందో తనకే తెలియదు. ఆ మనిషిని ఊరికే వదలకూడదు. అంతే తెలుసు.

హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఎర్రదీపం వెలిగింది. తెరమీద సూదిరాణి నోరు తెరిచింది. చెల్లెలు కేక వేసింది.

"మళ్ళీ" అన్నాడు సారు అద్దం అవతలనుంచి.

నాలుగోసారి తన ఊపిరి వెనక ఇంకో ఊపిరి వినబడింది. గరగరమంటూ... చెవికి ఆనుకుని... తడి కంబళి వాసన వేసింది.

ఏడోసారి ఆమె నోరు తెరవనే లేదు.

కేక మాత్రం వచ్చింది.

సారు పక్కన కూర్చున్న రికార్డింగ్ ఇంజనీరు, తలపండిన మనిషి, బిత్తరపోయి చూశాడు. "అమ్మాయ్... నీ పెదాలు కదల్లేదు కదా?"

"నువ్వు నీ పని చూసుకో. మళ్ళీ!" అని సారు కసిరాడు.

హెడ్‌ఫోన్లలో గుసగుస. "చెల్లీ... వాణ్ణి లోపలికి రమ్మను."

చెల్లెలు అద్దంవైపు తిరిగింది. "నాకు కుదరడంలేదు సార్. మీరే ఒకసారి వచ్చి చూపించండి."

ఆయన విసుక్కుంటూ లోపలికి వచ్చాడు. ఆమె బయటికి వచ్చి తలుపు మూసింది.

సారు మైకు ముందు నోరు తెరిచాడు. ఆయన మెడనరాలు ఉబ్బాయి. స్పీకర్లలో మాత్రం చప్పుడు లేదు. తర్వాత అక్క గొంతు, చాలా మెత్తగా, "మళ్ళీ" అంది.

సారు మళ్ళీ అరిచాడు. ఆపాలని చూశాడు... దవడ మాట వినలేదు. "మళ్ళీ." కళ్ళు వెళ్ళుకొచ్చాయి. "మళ్ళీ."

"తలుపు తియ్యమ్మాయ్! మనిషి పోయేలా ఉన్నాడు!" ఇంజనీరు పరిగెత్తుకొచ్చాడు.

చెల్లెలు తలుపుకి వీపు ఆనించి నిలబడింది. అద్దంలోంచి సారు రెండు చేతులూ జోడించాడు.

"నలభై కాలేదు" అంది ఆమె.

నలభై అయ్యాక ఎర్రదీపం తనంతట తనే ఆరింది. సారు నేలమీద కూర్చుని ఉన్నాడు. నెత్తురు చుక్క కూడా లేదు. పెదాలు కదుపుతున్నాడు... మాట లేదు. గొంతు పసిపిల్లాడి గొంతులా శుభ్రంగా ఉందని తర్వాత డాక్టర్లు చెప్పారు. మాట ఎందుకు రావడంలేదో చెప్పలేకపోయారు.

ఎపిసోడ్ ప్రసారమైంది. ఆ కేక విన్నవాళ్ళందరూ ఒళ్ళు జలదరించిందన్నారు. ఏడాదిగా కంటిమీద కునుకులేని చెల్లెలు ఆ వారమంతా హాయిగా నిద్రపోయింది.

ఎనిమిదోనాడు పొద్దున్నే అమ్మ వచ్చి ఆమె మంచం అంచున కూర్చుంది. మొహం పాలిపోయి ఉంది. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మీ అక్క బీరువాలో ఎవరే?" అని గుసగుసగా అడిగింది.

"బీరువాలోనా? ఎవరుంటారమ్మా?"

"ఎవరో మగమనిషి... తలుపు తియ్యమని బతిమాలుతున్నాడు. అతనొక్కడే కాదే. లోపల చాలా గొంతులున్నాయి." అమ్మ తలుపువైపు ఒకసారి చూసి, ఇంకా గొంతు తగ్గించింది. "అందులో ఒకటి నీ గొంతేనే."