చివరి హాజరు తేదీ

ఆవిడ డిటెక్టివ్ బల్లమీద రెండు కాగితాలు పెట్టింది. ఒకటి కూతురి శవపరీక్ష రిపోర్టు, రెండోది యూనివర్సిటీ ఉత్తరం. బట్టలు కుట్టి కూతుర్ని చదివించిన మనిషి. సూదిపోట్లు పడ్డ వేళ్ళతో వాటి మడతలు సాపు చేసింది.

"దాని అజాగ్రత్తవల్లే పోయిందని పోలీసులు అంటున్నారు బాబూ. దాని జాగ్రత్త నాకు తెలుసు. ఎలా పోయిందో నిజం కావాలి. అంతే."

పిల్ల హాస్టల్లో ఉండి ప్రభుత్వ సహాయంతో చదివేది. అందుకు బదులుగా రోజూ రెండు గంటలు సహాయ నిధుల ఆఫీసులో ఫైళ్ళు సర్దేది. సోమవారం మధ్యాహ్నం రికార్డు గదిలో రెండు ఇనుప అరల మధ్య నలిగిపోయి కనిపించింది. అవి పట్టాలమీద జరిగే అరలు. చివరనున్న చక్రం తిప్పితే ఒకదానికొకటి దగ్గరవుతాయి. శుక్రవారం సాయంత్రం చక్రం దానంతటదే జారిందని పోలీసులు తేల్చేశారు. డాక్టరు మాత్రం ప్రాణం పోయింది శుక్రవారమో శనివారమో చెప్పలేనని రాశాడు.

డిటెక్టివ్ ఉత్తరం పైకి చదివాడు. "మీ కుమార్తె చదువు నిలిచిపోయినది. చివరి హాజరు తేదీ శనివారం. మిగిలిన రోజులకు అందిన సహాయం తిరిగి చెల్లించవలెను."

"చచ్చిపోయిన పిల్లమీద బాకీయా? సిగ్గులేదూ వీళ్ళకి!" అని మండిపడింది సహాయకురాలు. పాతికేళ్ళు టైపిస్టుగా చేసి మానేసిన ఆవిడకు డిటెక్టివ్ అంటే దేవుడితో సమానం.

"ఇదెప్పుడొచ్చిందమ్మా?"

"సోమవారం పొద్దున్నే. నాతో మాటైనా చెప్పకుండా చదువు మానేసిందని మధ్యాహ్నం దాకా దాన్ని తిడుతూ కూర్చున్నాను బాబూ. అప్పుడొచ్చింది కబురు."

డిటెక్టివ్ కవరుమీది పోస్టు ముద్ర చూశాడు. శనివారం ఉదయానిది. లేచి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

ఆఫీసులో రికార్డు గుమాస్తా ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉంది. ఉద్యోగం పోయేట్టుంది ఆవిడకి. "శుక్రవారం ఐదింటికి తాళం వేసింది నేనేనండీ. లోపలికి తొంగైనా చూడలేదు. పాపిష్టిదాన్ని."

"రెండో తాళంచెవి?"

"ఆఫీసరుగారి దగ్గరుంటుంది."

"విద్యార్థి చదువు మానేసినట్టు ఎప్పుడు రాస్తారు?"

"వరసగా పద్నాలుగు రోజులు రాకపోతేనే. అంతకుముందు రాయకూడదండీ. చనిపోతే మాత్రం ఆగక్కర్లేదు. పోయిన రోజే చివరి హాజరు."

ఆఫీసరుది ఇరవయ్యేళ్ళ సర్వీసు. ఏ తనిఖీలోనూ ఒక్క మాట పడలేదు. ఆ సంగతి వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతాడు, ఆ రోజూ చెప్పాడు. బల్లమీద పెన్సిళ్ళు పొడవు వరసన ఉన్నాయి. ఆ మనిషిని చూస్తేనే ఒళ్ళు మండిందని సహాయకురాలు తర్వాత చెప్పుకుంది.

"ఉత్తరం శనివారం నేనే టైపు చేశాను. సోమవారం తనిఖీ. ఏ ఫైలూ మిగిలి ఉండకూడదు."

"సెలవురోజు ఒక్కరే వచ్చారా?"

"పనికి సెలవేమిటండీ?"

మర్నాడు డిటెక్టివ్ అందర్నీ రికార్డు గదిలోకి పిలిచాడు. తల్లి, గుమాస్తా, ఆఫీసరు, పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చారు. అరల మధ్య నేల కడిగి ఉంది. తల్లి అటు చూడలేదు.

"నిన్న ఈ అరని నేనూ మా సహాయకురాలూ కలిసి పావుగంట తోశాం. అంగుళం కదల్లేదు. బయటినుంచి చక్రం తిప్పితేనే కదులుతుంది. కాబట్టి ఎవరో తిప్పారు. ఇదే అరలో నలభై ఫైళ్ళున్నాయి. నలభైమంది చదువు మానేశారు. వాళ్ళ సహాయం గడువులోగా ప్రభుత్వానికి తిప్పి పంపాలి. ఆఫీసరుగారు మర్చిపోయారు. తనిఖీ ముంచుకొస్తుంటే గడువు దాటనట్టు వాళ్ళు మానేసిన తేదీలు దిద్దారు. ఈ అమ్మాయి వాటిని అసలు హాజరు పట్టీలతో సరిచూసింది."

"ఆధారమేమిటి?" అన్నాడు ఆఫీసరు, చీమ కుట్టినట్టయినా లేకుండా.

"మీ ఉత్తరమే. శవం సోమవారం దొరికింది. శనివారమే మీరు ఫైలు మూసేశారు. పద్నాలుగు రోజులు ఎందుకాగలేదు? పోయినవాళ్ళకి ఆగక్కర్లేదు కనక. సరే, శనివారం అనే ఎందుకు రాశారు? డాక్టరు రిపోర్టుకీ మీ తేదీకీ తేడా వస్తే తనిఖీవాళ్ళు ఫైలు బయటికి లాగుతారు. అందుకని నిజమైన తేదీ రాశారు. డాక్టరే తేల్చలేని రోజుని మీరు తేల్చారు. శుక్రవారం గుమాస్తా తాళం వెయ్యకముందే మీరు చక్రం తిప్పారు, పిల్ల స్పృహ తప్పింది. శనివారం మీరొచ్చేసరికి ఆ పిల్ల అరల మధ్య బతికే ఉంది, ఈ గది తలుపు వెనకనుంచి పిలుస్తోంది. సాయంత్రం దాకా ఉండదని లెక్క కట్టుకుని టైపు మిషను ముందు కూర్చున్నారు."

గుమాస్తా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇన్‌స్పెక్టరు ముందుకి కదిలాడు.

తల్లి ఆఫీసరు ఎదురుగా వచ్చి నిలబడింది. "ఏమంది బాబూ? ఆ తలుపు అవతలినుంచి ఏమంది?"

"ఎవరికీ చెప్పను సార్, తలుపు తియ్యండి అంది. మర్యాదగానే అడిగింది."

"చెప్పేది కాదు నాయనా. ఒట్టు పెట్టుకుంటే నా దగ్గర కూడా నోరు విప్పేది కాదు. తీసుంటే సరిపోయేది కదా!"

"ఎలా తీస్తానండీ? అప్పటికే మీకు ఉత్తరం పోస్టు చేసేశాను," అన్నాడు ఆఫీసరు, ఆవిడకి నిబంధన విడమరిచి చెబుతున్నట్టు.