రెండు పడవలు, ఒక పరదా

పొద్దున్నే జొన్నరొట్టెలు కాలుస్తున్న బీబమ్మ చెవులు మాత్రం వసారాలోనే ఉన్నాయి. అక్కడ తండ్రీకొడుకులు పడవల గొడవ మళ్లీ మొదలుపెట్టారు.

పత్తి వ్యాపారం కలిసొచ్చి నాలుగు రాళ్లు వెనకేసుకున్న ఖాసిం వలికి ఇంటిల్లిపాదినీ కాలువ మీద షికారు తిప్పాలని సరదా పుట్టింది. కర్నూలు విడిచిపోతున్న ఓ దొర తన మోటారు పడవలు రెండింటినీ అమ్మకానికి పెట్టాడు. రెండూ ఇంచుమించు ఒకే పొడవు, ఒకే వెడల్పు. ఒకదానికి పైకప్పు, పరదాలు కట్టుకునే కొక్కేలు ఉన్నాయి. రెండోదానికి ఆకాశమే కప్పు.

"కప్పు లేనిదే తేలిక నాయనా. బాగా ఉరుకుతాది," అన్నాడు కొడుకు ఇమాం బాషా.

"ఉరికి యాడికి పోవల్లప్పా? మీ యమ్మకు పరదా ఉండల్ల. కప్పుండేదే తీసుకుందాం."

ఖాసిం వలి అన్నాడంటే ఇక తిరుగులేదు. ఆ వీధి ఆడవాళ్లంతా బండ్లలో ఎండా గాలీ చూసుకుంటూ పోతుంటే, బీబమ్మ ఎక్కే బండికి మాత్రం ఆయన తన చేత్తో చుట్టూ దుప్పట్లు బిగించి కట్టేవాడు. పెళ్లైన నాటి నుంచీ అదే తంతు. ఆమె పుట్టిన ఊరు ఆ కాలువ గట్టునే ఉంది. పుట్టింటికి ఎన్నిసార్లు పోయినా నీళ్ల చప్పుడు వినడమే గానీ, దారిలో నీళ్లు చూసిన పాపాన పోలేదు. పరువు కోసం కడుతున్నాడనుకుని ఇన్నేళ్లూ నోరు మెదపలేదు. ఇప్పుడు పడవలో కూడానా అనుకునేసరికి ఆమెకు ఒళ్లు మండింది. పెనం దించి వసారాలోకి వచ్చింది.

"నీళ్ల మీద పోతా నీళ్లు చూడకుంటే నేనెందుకు? ఒక పత్తి మూటను కూచోబెట్టుకోని పోండి!"

ఖాసిం వలి బిత్తరపోయాడు. "పరదా కట్టమని నువ్వే కదా అడిగితివి?"

"నేనా? ఎప్పుడు?"

"పెండ్లి బండి మీ ఊరు దాటేటప్పుడు. 'దుప్పటి కట్టు, అందరూ చూస్తాండారు' అంటివి. నువ్వు నన్ను మొట్టమొదట అడిగింది అదే. యాడ మర్సిపోతానో అని, అప్పట్నుంచి నేనే కడ్తాండా."

బీబమ్మ కోపం ఎక్కడిదక్కడ చల్లారిపోయింది. ఇన్నాళ్లూ పరువనుకున్నది ప్రేమా! నవ్వాలో ఏడవాలో ఆమెకు తెలియలేదు.

"అప్పుడు అమ్మను ఇడిసిపెట్టి వస్తా ఏడుస్తాంటి. ఏడుపు మొగం ఎవరికీ కనపడగూడదని కట్టమంటి. ఇన్నేండ్లూ ఏడుస్తానే ఉండానా?"

"ఒక్క మాట చెప్పింటే..."

"నువ్వూ ఒక్క మాట అడిగింటే..."

కప్పు లేని పడవే ఇంటికొచ్చింది. శుక్రవారం నమాజు అయ్యాక ముగ్గురూ ఎక్కారు. ఇమాం బాషా ఉత్సాహం కొద్దీ పడవను ఉరికించాడు. ఒక మలుపు తిరగగానే బీబమ్మ పుట్టినూరి రేవు, చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని బట్టలుతికిన బండ కనబడ్డాయి. ఆమె కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

ఖాసిం వలి అలవాటు కొద్దీ భుజం మీది తువ్వాలు తీసి ఆమె ముఖానికి అడ్డం పట్టబోయాడు. బీబమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ. ఇది దాచుకునే ఏడుపు కాదు."

ఆయన తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. కొడుకు వైపు తిరిగి, "నిదానంగా పోనీప్పా," అన్నాడు. "మీ యమ్మ చూస్తాండాది."