అత్తాకోడళ్ళు నంద్యాలకు పోయిన రోజు

"ఉప్పు జాడీ ఎవురు తీసినారు?"

పొద్దున్నే బాలమ్మ గొంతు వంటింట్లోంచి పెరటి దాకా వినిపించింది. పెరట్లో తల దువ్వుకుంటున్న కోడలు లీలావతి చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నేనే అత్తా. ఆడ తేమ తగులుతాందని గూట్లో పెట్టినా."

"ఎవురు పెట్టమన్యారు? యాడ వస్తువు ఆడ ఉండాల. నా ఇంట్లో నేను ఉప్పుకోసరం తడుముకోవాల్నా?"

లీలావతి లోపలికి పోయి జాడీని మళ్ళీ పొయ్యి పక్కన పెట్టింది. ఆళ్ళగడ్డలో ఈ ఇంటికి ఆమె కాపురానికొచ్చి రెండేళ్ళు దాటింది. మొదట్లో అత్త ఇంతగా విసుక్కునేది కాదు. ఈ ఎండాకాలం నుంచే మొదలైంది. స్టూలు జరిపితే తప్పు. చెంబు ఒకచోటు నుంచి ఇంకోచోటికి మారిస్తే తప్పు. అన్నంలో రాయి తగిలితే, బియ్యం ఏరింది తనే అయినా, బాలమ్మ కోడలినే తిట్టేది.

లీలావతి భర్త ఏలీయా ప్రైమరీ స్కూల్లో టీచరు. మెత్తని మనిషి. భార్య ఏడిస్తే భార్య పక్కన, తల్లి ఏడిస్తే తల్లి పక్కన కూర్చునేవాడు. చివరికి లీలావతి పోరు పడలేక డోన్‌కు బదిలీ అడగడానికి ఒప్పుకున్నాడు. డోన్‌లో వేరు కాపురం పెట్టాలని, బాలమ్మను గోస్పాడులో ఉన్న కూతురు జయమ్మ ఇంటికి పంపాలని అనుకున్నారు. క్రిస్మస్ పండుగ అయ్యాక తల్లికి చెప్పాలన్నది ఏలీయా మాట.

ఆ శనివారం లీలావతి పండుగ బట్టలు తేవడానికి నంద్యాలకు బయల్దేరింది. పంపు స్టవ్వు కూడా బాగుచేయించాలి. ఇవి పైకి చెప్పిన పనులు. డోన్ కాపురానికి స్టీలు గిన్నెలు కొనాలన్నది మనసులో ఉన్న పని.

స్టవ్వును గోనెసంచిలో పెట్టుకుంటుండగా బాలమ్మ తెల్లచీర కట్టుకుని గడప దగ్గరికి వచ్చింది.

"నేనూ వస్తా."

"నువ్వెందుకత్తా? బస్సులో తొక్కిడి. కాళ్ళు నొప్పులంటావు గదా."

"సుగుణమ్మను చూసి ఏడాదైంది. పండగ ముందర ఒకసారి చూసొస్తా. నీకేం అడ్డం రాను."

సుగుణమ్మ బాలమ్మ చిన్ననాటి స్నేహితురాలు, నంద్యాలలో చర్చి వెనక ఉంటుంది. కాదనడానికి లీలావతికి సాకు దొరకలేదు. ముఖం ముడుచుకునే బయల్దేరింది.

బస్సెక్కేటప్పుడు బాలమ్మ పాదంతో మెట్టును రెండుమూడుసార్లు తడిమింది. "తొందరగా ఎక్కమ్మా, అవతల ఇంకా జనం ఉండారు" అని కండక్టరు కసిరాడు. వయసైపోతోంది అనుకుంది లీలావతి. అంతకు మించి ఆలోచించలేదు. శిరివెళ్ళ దాటుతుంటే కిటికీ అవతల పత్తిచేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. ఎప్పుడూ ఎవరి చేనులో ఏముందో వ్యాఖ్యానం చేసే బాలమ్మ ఆ రోజు కళ్ళు మూసుకుని కూర్చుంది.

నంద్యాలలో దిగి ముందు స్టవ్వును రిపేరు కొట్లో ఇచ్చారు. తర్వాత బట్టల అంగడికి పోయారు. పండుగ రద్దీ. గుమస్తా చీరలు ఒకదాని మీద ఒకటి పరిచాడు. కిందటేడు ఇదే అంగట్లో బాలమ్మ పది చీరలకు వంకలు పెట్టి, మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టింది.

"జయమ్మకు ఏది తీసుకుందాం అత్తా? ఈ పచ్చదా, ఆ వంకాయ రంగుదా?"

బాలమ్మ రెండింటినీ వేళ్ళ మధ్య నలిపి చూసింది. "గుడ్డ రెండూ బాగుండాయి. నీకు ఏది నచ్చితే అది తీసుకో."

లీలావతి తెల్లబోయింది. పొద్దుటి ఉప్పు జాడీ కోపం ఇంకా తగ్గలేదేమో, అందుకే ఇలా తప్పించుకుంటోందేమో అనుకుంది. పచ్చ చీర, ఏలీయాకు చొక్కా గుడ్డ, తనకో వాయిల్ చీర తీసుకుంది. దేనికీ బాలమ్మ అడ్డు చెప్పలేదు.

బయటికి వచ్చి చౌక్ దాకా నడిచారు. "ఈన్నుంచి నేను పోతాలే" అంది బాలమ్మ. "సుగుణమ్మ ఇల్లు ఆ పక్కనే గదా. నువ్వు నీ పనులు చూసుకోనిరా. మళ్ళీ ఈ మూల కాడికే వస్తా."

లీలావతికి అదే కావాలి. "సరే అత్తా, పదిలం" అని, వెనక్కి తిరిగి చూడకుండా పాత్రల అంగడి వైపు నడిచింది.

కొత్త గిన్నెలు ఏరుకుంటుంటే ఆమెకు చాలా రోజుల తర్వాత ప్రాణం తేలికపడింది. డోన్‌లో చిన్న వంటిల్లు, తనకు నచ్చినచోట తన ఉప్పు జాడీ. మూడు గిన్నెలు, ఒక బిందె, అన్నం తినే తట్టలు నాలుగు తీసుకుంది. అంగడాయన గుడ్డలో మూటకట్టి ఇచ్చాడు. అత్త అడిగితే గోస్పాడులో జయమ్మ తెప్పించుకుంటోందని చెప్పాలనుకుంది.

మూట చంకలో పెట్టుకుని చౌక్‌కు తిరిగి వచ్చేసరికి దూరం నుంచే తెల్లచీర కనిపించింది. అప్పుడే వచ్చేసిందా అనుకుని అడుగు నెమ్మదించింది. మరికాస్త దగ్గరికి పోయాక అర్థమైంది. బాలమ్మ రాలేదు. అసలు పోలేదు. తాను ఎక్కడ వదిలిపెట్టిందో అక్కడే నిలబడి ఉంది.

పత్తి బండ్లు, రిక్షాలు, లారీలు విడుపు లేకుండా పోతున్నాయి. బాలమ్మ ఒక కాలు రోడ్డు మీదికి దించింది. రిక్షా గంట మోగగానే ఉలిక్కిపడి కాలు వెనక్కి తీసుకుంది. మళ్ళీ దించింది, మళ్ళీ తీసుకుంది. ముఖం మీద చెమట. ఆమె చూపు వాహనాల మీద లేదు, ఎక్కడా లేదు.

లీలావతి గబగబా దగ్గరికి పోయింది. ఎవరో వచ్చి పక్కన నిలబడిన అలికిడికి బాలమ్మ తల తిప్పింది. కోడలి ముఖంలోకే చూస్తూ చెయ్యి చాపింది.

"ఎవురమ్మా? ఆడమనిషేనా? నన్ను కొంచెం రోడ్డు దాటించు తల్లీ. నాకు చూపు ఆనదు."

లీలావతి మూటను ఇంకో చంకకు మార్చుకుంది. ఆ చేతిని పట్టుకుంది. బండ్ల సందున దారి చూసుకుని మెల్లగా నడిపించసాగింది. బాలమ్మ తనంతట తానే చెప్పుకుపోతోంది.

"ఆ పక్క వీధిలో కంటి డాక్టరు ఉండాడంట. నా కోడలు వచ్చేలోపల చూపించుకోని రావాల. దానికి తెలిస్తే బాగుండదు. పాపం, చిన్న పిల్ల. నాతో ఇప్పటికే వేగలేకపోతాంది. కన్నులు గూడా పోయినాయని తెలిస్తే ఇంగ నన్ను ఎత్తుకోని తిరగాల్నా?"

అవతలి పక్కకు వచ్చేశారు. బాలమ్మ ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"ప్రభువు నిన్ను చల్లగా చూస్తాడు తల్లీ. నీ పేరేంది?"

"లీలావతి, అత్తా."

బాలమ్మ చెయ్యి విదిలించుకుంది. ముఖం ఎర్రబడింది.

"నువ్వా? అంతా ఇన్యావా? నోరు మూసుకోని ఇంటాండావా? గుడ్డిదాన్ని ఆడించాలని చూసినావా?"

"నేను ఆడించినానా?" లీలావతి గొంతు కూడా లేచింది. దారినపోయేవాళ్ళు ఇద్దరు ఆగి చూసినా ఆమె పట్టించుకోలేదు. "ఇన్ని నెల్లు నన్ను తిట్టినావు గదా! స్టూలు జరిపితే తిట్టినావు. చెంబు జరిపితే తిట్టినావు. నాకు వంట రాదని, ఒళ్ళు వంగదని వీధంతా ఇనేట్టు అరిచినావు. నాకు కనపడదు మే, జరపొద్దు అని ఒక్క మాట చెప్పింటే నేను జరుపుతానా?"

"చెప్తే?" బాలమ్మ గొంతు తగ్గింది. "చెప్తే ఏమైతాది? పొయ్యి కాడికి రానిస్తారా నన్ను? ఒక మూల మంచమేసి కూర్చోబెడతారు. లేకపోతే జయమ్మ ఇంటికి పంపిస్తారు. పంపాలనే గదా అనుకుంటాండారు. డోన్ సంగతి నాకు తెలీదనుకున్యావా? కన్నులు పోయినాయి గానీ చెవులు పోలేదు మే."

లీలావతి చంకలో మూట జారి, గిన్నెలు ఖణేలుమన్నాయి. బాలమ్మ ఆ శబ్దం వైపు తల తిప్పి, వంగి మూటను తడిమింది.

"కొత్తవా?"

"ఊఁ."

"డోన్‌కా?"

అబద్ధం సిద్ధంగానే ఉంది. కానీ ఆ తడుముతున్న వేళ్ళను చూశాక నోరు రాలేదు. "డోన్‌కే అత్తా" అంది. అనగానే ఏడుపు తన్నుకొచ్చింది. రోడ్డు పక్కన, అంత జనంలో, మూట మీదికి వంగి ఏడ్చేసింది.

బాలమ్మ చేత్తో వెతికి కోడలి భుజం దొరకబుచ్చుకుంది.

"ఊరుకో. నీ వయసులో నేనూ మా అత్త మొగం చూడలేక వేరు పోదామనుకున్నదాన్నే. మా మామ దిగులుతో మంచం పడితే ఆగిపోయినాం. లే. జనం చూస్తాండారు."

"చూడనీ" అంది లీలావతి కళ్ళు తుడుచుకుని. "పద, డాక్టరు కాడికి."

డాక్టరు దగ్గర చాలామంది ఉన్నారు. బల్ల మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. కాళ్ళ దగ్గర గిన్నెల మూట. వంతు కోసం చూస్తుండగా బాలమ్మ, "జయమ్మకు ఏ రంగు తీసుకున్యావు?" అని అడిగింది. "పచ్చది" అంది లీలావతి. "పచ్చదంటే దానికి ఇష్టం" అంది బాలమ్మ.

డాక్టరు లైటు వేసి రెండు కళ్ళూ చూశాడు. పొరలు బాగా ముదిరాయని, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందని చెప్పాడు. "ఒకదాని తర్వాత ఒకటి చెయ్యాల. కట్టు విప్పేదాకా తల కదలకుండా పండుకోవాల. పక్కన ఎవరైనా ఉండాల. ఎవరుంటారు?"

"నా కూతురుకు కబురు పెడతా" అంది బాలమ్మ.

"నేనుంటా" అంది లీలావతి అదే క్షణంలో.

బయటికి వచ్చాక ఇద్దరికీ ఆకలి గుర్తొచ్చింది. బస్టాండు దగ్గర హోటల్లో ఉగ్గాని, బజ్జీ తిన్నారు. లీలావతి తట్టను అత్త చేతికి అందేలా జరిపి, "బజ్జీ నీ కుడిపక్కన ఉండాది" అని చెప్పింది. బాగైన స్టవ్వు తీసుకుని సాయంత్రం బస్సెక్కారు. ఈసారి మెట్టు దగ్గర లీలావతి ముందుగా ఎక్కి చెయ్యి అందించింది. కండక్టరు ఏదో అనబోతే, "నిదానంగా ఎక్కుతాది, ఉండన్నా" అంది గట్టిగా.

ఇంటికొచ్చి ఏలీయాతో అంతా చెప్పింది. అతను తల్లి ముందు కూలబడ్డాడు. "నాకు గూడా చెప్పలేదేమ్మా?" అని చిన్నపిల్లవాడిలా అడిగాడు.

"నీకు చెప్తే దానికి చెప్పేవాడివి. దానికి చెప్తే నీకు చెప్పేది" అంది బాలమ్మ. "ఎవురికీ చెప్పనోడు దేవుడొక్కడే, ఆయనకు చెప్పుకున్యా."

"మరి డోన్ బదిలీ?" ఏలీయా భార్యను అడిగాడు.

"వస్తే ముగ్గురం పోదాం" అంది లీలావతి. "అత్త లేకుండా నేను కదల్ను."

పండుగ తర్వాత నంద్యాలలో మొదటి కంటికి, కొన్ని వారాలకు రెండో కంటికి ఆపరేషన్ అయింది. రెండుసార్లూ లీలావతి మంచం పక్కన చాపేసుకుని ఉంది. గంజి తాగించింది, ఒళ్ళు తుడిచింది, కీర్తనలు చదివి వినిపించింది. జయమ్మ వచ్చి, "నేనుంటాలే వదినా, నువ్వు ఇంటికి పో" అంటే, బాలమ్మే, "నీకు పిల్లలుండారు, నువ్వు పో. నా కోడలు ఉంటాది" అంది.

ఎండలు మొదలయ్యాక కళ్ళద్దాల కోసం మళ్ళీ ఇద్దరూ నంద్యాలకు పోయారు. అంగడాయన మందపాటి అద్దాలు బాలమ్మ ముక్కు మీద ఆనించి, కమ్ములు సరిచేసి, "ఇప్పుడు చూడమ్మా" అన్నాడు.

బాలమ్మ ముందు గోడ చూసింది. తన చేతులు తిప్పితిప్పి చూసుకుంది. తర్వాత పక్కకు తిరిగి కోడలిని చూసింది. చాలాసేపు చూసింది.

"ఏమ్మే, నీ గదవ మీద ఈ మచ్చ ఎప్పటిది?"

లీలావతి గడ్డం తడుముకుంది. "చిన్నప్పటిది అత్తా. పుట్టుమచ్చ."

"పెండ్లినాడు లేదే?"

"ఉండె. ఎప్పుడూ ఉండాది."

లీలావతి ఆ మాట అనేసి ఆగిపోయింది. చూపు తగ్గడం మొదలైంది కిందటి ఎండాకాలంలో కాదు. తాను ఆ ఇంట్లో అడుగు పెట్టేనాటికే అత్తకు చూపు మసకబారింది. రెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్న మనిషికి తన ముఖమే సరిగ్గా తెలియదు.

బాలమ్మ అద్దాల వెనక కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. "చానా బాగుండావు మే" అంది.

లీలావతి తన కొంగుతో ముందు అత్త కళ్ళద్దాలు తుడిచి, తర్వాత తన కళ్ళు తుడుచుకుంది.