పదిహేడో నంబరు అమ్మాయి

"ఓ సారూ! జర ఆగుండ్రి. మా అవ్వ మాట్లాడితే చేతులాగుతయి, చేతులాగితే బీడీలాగుతయి. తక్కువైన బీడీలు మీరు చుట్టిస్తరా?"

ఎల్లారెడ్డిలో చరణ్‌కు దొరికిన మొదటి స్వాగతం అది. కామారెడ్డి కుర్రాడు, యూనివర్సిటీలో జర్నలిజం పీహెచ్‌డీ. బీడీలు చుట్టే ఆడవాళ్లు సెల్‌ఫోన్‌ను ఎలా వాడుకుంటున్నారన్నది అతని రీసెర్చ్. 2012 వానాకాలంలో, తడిసిన ప్రశ్నల కాగితాలతో భూదవ్వ ఇంటి అరుగెక్కాడు. అడ్డుకున్నది ఆమె కూతురు కళ్యాణి. డిగ్రీ రెండో ఏడాది, ఒడిలో బీడీల చాట.

"చుట్టుడు రాదు. నేర్పిస్తే ఆకు కోస్త," అన్నాడు చరణ్.

కత్తెర చేతికిచ్చి నేర్పించింది. అతను కోసిన ఆకుల్లో సగం పనికిరాలేదు.

"పీహెచ్‌డీ అంటివి, ఆకు సక్కగ కోయరాదా?" అంటూ కళ్యాణి పగలబడి నవ్వింది.

మర్నాటి నుంచి గల్లీలో ఏ ఇంటికి వెళ్లినా ఆమె ముందు నడిచింది. దీపావళి నాటికి "సారూ" పోయి "నువ్వు" వచ్చింది. అప్పుడే, పొద్దున్నే అతని ఫోన్‌కు మిస్డ్ కాల్స్ మొదలయ్యాయి. కలిసినప్పుడు అడిగాడు.

"ఎత్తేలోపే కట్ చేస్తవేంది?"

"ఎత్తితే నా బ్యాలెన్స్ పోతది. రెండుసార్లు మోగితే నేను మంచిగున్నట్టు."

"మూడుసార్లు మోగితే?"

కళ్యాణి చాటలోంచి తలెత్తలేదు. "రికార్డ్ గిట్ల చేస్తలేవు కదా? మూడుసార్లు మోగితే... నువ్వు యాదికొస్తున్నట్టు. నీకొక్కనికే చెప్తున్న."

ఆ రోజు బస్సులో కామారెడ్డి దాకా చరణ్ తనలో తానే నవ్వుకున్నాడు. తనకూ ఆమె అంటే ప్రాణం. థీసిస్ అయ్యాక చెబుదాంలే అనుకున్నాడు.

మరుసటి మార్చిలో సెమినార్. పేపర్‌లో పస తగ్గిందన్నారు గైడ్. మంచి ఉదాహరణ కోసం వెతికి, చరణ్ ఆ మిస్డ్ కాల్ సంగతి రాసేశాడు. పేరు రాయలేదు. పద్ధతి ప్రకారం "పదిహేడో నంబరు మహిళ" అన్నాడు. వయసు ఇరవై, డిగ్రీ చదువు, తండ్రి దుబాయిలో, అంటూ వివరాలు మాత్రం ఇచ్చాడు. చప్పట్లు మోగాయి. ఒక పత్రిక జిల్లా పేజీలో అతని ఫొటోతో సహా వేసింది.

తండ్రి దుబాయిలో ఉండి, డిగ్రీ చదువుతూ బీడీలు చుట్టే పిల్ల ఆ గల్లీలో ఒక్కతే. బీడీలు అప్పజెప్పే చోట ఎవరో ఆ వార్త బిగ్గరగా చదివారు. "ఇయ్యాల మూడుసార్లు మోగిచ్చినవా పిల్లా?" అని వరుసలో ఉన్న ఆడవాళ్లందరూ నవ్వారు.

పొద్దుటి కాల్స్ ఆగిపోయాయి. కంగారుపడి చరణ్ ఫోన్ చేస్తే భూదవ్వ ఎత్తింది.

"పేపర్ల ఏసినవు గద బిడ్డా, ఇంకేం గావాలె?" అని పెట్టేసింది.

మొదటి బస్సుకే ఎల్లారెడ్డి పరుగెత్తాడు.

"తప్పైంది కళ్యాణీ. ఆ ముచ్చట థీసిస్‌లకెల్లి తీసేస్త. మా బాపును తోలుకొచ్చి లగ్గం మాట్లాడిపిస్త. నువ్వంటే నాకు పానం."

కళ్యాణి కళ్లు నిండాయి.

"గీ మాట మొన్న చెప్తే ఎగిరి దుంకేదాన్ని. గల్లీల నవ్విన్రని గాదు చరణ్, వాళ్లు నాలుగు దినాలు నవ్వి మరుస్తరు. ఇప్పుడు నువ్వు నన్ను సూస్తుంటే, దీన్ని గూడ ఏడ రాసుకుంటవో అని బుగులైతుంది. మొగని ముందట మాటలు దాసుకొని ఎట్ల బతకాలె?"

ఆమె చాట ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ భాగం తీసేసే థీసిస్ ఇచ్చాడు. 2014లో డాక్టరేట్ వచ్చింది. ఆ కబురు అందరికంటే ముందు ఎవరికి చెప్పాలనిపించిందో, ఆ మనిషికి మాత్రం చెప్పలేకపోయాడు.