పొయ్యి ఆరినా తగ్గని అంకె

రొట్టెలాయన డిటెక్టివు గుమ్మంలోనే కూలబడ్డాడు. “ఈ సాయంత్రం నా పొయ్యికి సీలేస్తారట బాబూ! వీధిలో గాలి పాడవడానికి నేనే కారణమట. నా పిల్లలేం తిని బతకాలి?”

డిటెక్టివును ఊరంతా ముక్కుగారంటారు. పాపం, ఆ వారం ఆయనకు జలుబు. అయినా ఆ ముక్కు మీద ఆయన సహాయకురాలికి కొండంత నమ్మకం.

రొట్టెల కొట్టు ఎదుటి మేడమీద, కంటికి ఆనని సన్నధూళిని కొలిచే సర్కారు యంత్రం ఉంది. ముగ్గురూ అక్కడికెళ్లేసరికి, దానికి మూరెడు దూరంలో కుర్చీ వేసుకుని, లవంగం నములుతూ ఇంటాయన కూర్చున్నాడు. రిటైరైన హెడ్మాస్టరు. ఫిర్యాదు ఆయనదే.

“చూశారా, మళ్లీ పెరిగింది! పొద్దస్తమానం ఇక్కడే కాపలా. ఈ అంకె చూస్తే గుండె దడ!”

“కొట్టు సెలవు రోజునో?” అడిగారు ముక్కుగారు.

“ఆరోజూ ఇంతే.”

“ఎప్పుడూ తగ్గలేదా?”

“మొన్న శుక్రవారం తగ్గిందట. నేను పళ్ల డాక్టరు దగ్గరున్నాను.”

“ఆరోజు నా పొయ్యి భేషుగ్గా మండింది!” అన్నాడు రొట్టెలాయన.

“అయితే బస్సులే సార్!” అంది సహాయకురాలు.

“శుక్రవారం బస్సులూ తిరిగాయమ్మా.” ముక్కుగారు తెల్ల రుమాలుతో యంత్రం మూతిని తుడిచారు. పసుపు మరక. ఎదుటి కొట్టుకెళ్లి పొయ్యి గొట్టాన్ని తుడిస్తే నల్ల మసి. మళ్లీ మేడెక్కి అక్కడి పూలకుండీలోకి వంగి ఫెళ్లున తుమ్మారు. బూడిద గుప్పున లేచింది.

సాయంత్రం అందరూ మేడెక్కారు. అధికారి చేతిలో సీలు, లక్క. మాస్టారి పక్కన భార్య.

“పొయ్యి ఆరినా అంకె తగ్గలేదు. మాస్టారు లేనిరోజు తగ్గింది,” అన్నారు ముక్కుగారు. “గొట్టం మసి నలుపు, ఇక్కడి మరక పసుపు. కుండీలో బూడిద, వాసన తెలీకుండా నోట్లో లవంగం. అంకె పెరిగితే మాస్టారికి కంగారు. కంగారు పుడితే సిగరెట్టు. ఆ పొగంతా యంత్రం మూతిలోకి. అంకె మళ్లీ పెరుగుతుంది!”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మాస్టారు జేబు తడుముకున్నాడు.

“మానేశానని నామీద ఒట్టేశారు కదండీ!” అంది భార్య.

రొట్టెలాయన కళ్లు తుడుచుకున్నాడు. “నీ పొయ్యీ సాధువేం కాదు, గొట్టం ఎత్తు పెంచు,” అని ముక్కుగారు గదమాయిస్తే, ఏడుస్తూనే నవ్వాడు.

అధికారి సీలు సంచిలో వేసుకోబోయాడు.

“ఆగు నాయనా,” అంది మాస్టారి భార్య. “ఎలాగూ తెచ్చావు. అందరం దిగాక ఈ మేడ తలుపుకి వేసి పో.”