మిస్సైలూ, మామ గొంగడీ

సురేంద్ర ఆ ఒక్క అబద్ధం చెప్పకుండా ఉంటే, ఓళిగలు తినేలోపే పెళ్లి ఖాయమైపోయేది.

నేవీ ఉద్యోగం, చేతిలో కొద్దిపాటి సెలవు. అమ్మానాన్నలను వెంటబెట్టుకుని గుత్తి దగ్గరున్న మేనత్త ఆంజినమ్మ ఇంటికి వచ్చి, ఆమె కూతురు లక్ష్మీదేవిని అడిగాడు. మామ బసప్ప గొర్రెలతో చేలో ఉన్నాడు. ఆయన లేకపోయినా పని జరిగేదే, ఎందుకంటే ఆ ఇంట్లో ఆంజినమ్మదే చివరి మాట. ఆవిడ పూర్ణం నిండిన ఓళిగ మీద నెయ్యి వేస్తూ వేస్తూ ఆగి, ఫోన్లో చూసిన వీడియో సంగతి అడిగింది. ఎక్కడో వందల మైళ్ల అవతల వదిలితే చాలు, శబ్దం కంటే ఎన్నో రెట్లు జోరుగా వచ్చి ఓడను ముంచేసే మిస్సైళ్లు ఉన్నాయట. నిజమేనా?

"అవన్నీ ఉత్త మాటలత్తా. మా ఓడ స్పీడుకు ఏ మిస్సైలూ అందుకోల్యాదు" అన్నాడు సురేంద్ర నవ్వుతూ.

గుమ్మం దగ్గర లక్ష్మీదేవి కిసుక్కుమంది. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పే మనిషి ముందు అనాల్సిన మాట కాదది.

"బావా, మీ ఓడ మన గుత్తి బస్సంత జోరుగా పోతాదా?"

"ఓ, పోతాది" అన్నాడు గర్వంగా.

"ఆ మిస్సైలు ఈడ బయల్దేరితే, నువ్వు ఆ ఓళిగ మింగేలోపల గుంతకల్లు దాటింటాది."

ఆంజినమ్మ నెయ్యి గిన్నె పక్కన పెట్టేసింది. మేనల్లుడైనా సరే, అలాంటి చోట తిరిగేవాడికి పిల్లనిచ్చి రోజూ గుండె చేతిలో పట్టుకుని కూర్చోలేనంది. సురేంద్ర సగం తిన్న ఓళిగ వదిలేసి లేచాడు.

పెరట్లో చేతులు కడుక్కుంటూ లక్ష్మీదేవిని నిలదీశాడు. పెళ్లి ఇష్టం లేకపోతే నేరుగా చెప్పొచ్చు కదా అన్నాడు. ఆమె చెంబు కింద పెట్టింది.

"నువ్వు ఓడలో ఉండావని కాదు నా భయం. అబద్ధం చెప్పి నవ్వుతావు చూడు, అదీ భయం. వారాల తరబడి ఫోన్ ఎత్తవు. అడిగితే సిగ్నల్ ల్యాదంటావు. అది కూడా ఇట్లాంటిదేనా?"

జవాబు ఉంది గానీ, ఇప్పుడు ఏం చెప్పినా అబద్ధంలాగే వినిపిస్తుంది. తెల్లారితే గుంతకల్లులో రైలెక్కాలి. అత్త మనసు తిప్పగలిగేది మామ ఒక్కడే.

పొద్దు వాలే వేళకు చేనికి బయల్దేరాడు. గుత్తి కోట మీద ఒక మబ్బు ఊరించి, ఎప్పటిలాగే చినుకైనా రాల్చకుండా పోయింది. మసక వెలుతురులో, దడి పక్కన, బసప్ప గొంగడి కప్పుకుని అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. సురేంద్ర కొంచెం దూరంలోనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మామా, అత్తకు అబద్ధం చెప్పినా. ఉరికి ఆ మిస్సైల్‌ను తప్పించుకునే ఓడ యాడా ల్యాదు. కానీ కొట్టాలంటే ముందు మేం యాడుండామో దానికి తెలియాల కదా. వాళ్లు చూసిన చోటే మేము నిలబడము. రేడార్లు, రేడియోలు ఆపేసి, సప్పుడు చెయ్యకుండా పోతాము. అందుకే లక్ష్మికి ఫోన్ చెయ్యల్యాకపోయినా. ఓడ మాదిరే అగుపడే ఉత్త బొమ్మలు నీళ్ల మీద వదుల్తాము. మిస్సైలు మోసపోయి వాటి మీదికి పోతే మేము బతికినట్టే. అయినా గ్యారంటీ ఇయ్యల్యాను మామా. నాకూ భయమే. భయమేసినప్పుడల్లా గుర్తొచ్చేది లక్ష్మే. ఆమెను నాకియ్యి."

మామ పలకలేదు. కోపమేమోనని వంగి కాళ్లు పట్టుకోబోయాడు. కాళ్లు లేవు. భూమిలో పాతిన కర్ర ఒకటి చేతికి తగిలింది, మరుక్షణం గొంగడి అతని నెత్తిన పడింది.

వెనక నవ్వు వినిపించింది. దడి అవతల బసప్ప, ఆయనకు సంగటి తెచ్చిన లక్ష్మీదేవి. మొత్తం విన్నారు.

మంద దగ్గర మనిషి ఉన్నాడని తోడేలు భ్రమపడేలా కర్రకు గొంగడి కప్పి, కాపరి వేరేచోట కూర్చుంటాడు. చిన్నప్పుడు సురేంద్ర తన చేతులతో అలాంటివి ఎన్ని పాతాడో.

"తోడేలు కంటే జోరుగా ఉరికే గొర్రెను నేనూ యాడా చూడల్యా" అన్నాడు బసప్ప. "అయినా నా మంద ఉండాది కదప్పా."

"ఇంత తెలిసినోడివి, నేరుగా వచ్చి గొంగడికి తగులుకుంటివే బావా" అంది లక్ష్మీదేవి. "ఇంక మిస్సైలు మోసపోదని ఎట్లనుకునేది?" నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఈ మాటలే మధ్యాహ్నం చెప్పింటే ఓళిగలైనా దక్కేవి కదా అని కూడా అంది.

ఇంటికొచ్చి బసప్ప జరిగిందంతా చెప్పాడు. ఆంజినమ్మ మేనల్లుణ్ణి తేరిపార చూసింది.

"మీ ఓడలో కూడా గొంగడ్లుండాయా?"

"ఉండాయత్తా. కానీ భయం పూర్తిగా పోదు." ఈసారి నవ్వలేదు సురేంద్ర.

ఆవిడ మొగుడి వైపు చూసింది. ఇన్నేళ్లుగా ఆయన మంద కాస్తూ అడవి అంచున పడుకుంటే ఇంట్లో మేలుకుని ఉన్నది తనే. "పోదులే. నాకు మాత్రం పోయిందా?" అని నెయ్యి గిన్నె మళ్లీ చేతికి తీసుకుని, మిగిలిన ఓళిగలన్నీ తెమ్మని కూతురికి చెప్పింది.

మర్నాడు గుంతకల్లు స్టేషన్లో రైలు కదలబోతుండగా సురేంద్ర మెల్లగా అన్నాడు. "ఈసారి కూడా ఎన్నో దినాలు ఫోన్ రాదు లక్ష్మీ."

లక్ష్మీదేవి కిటికీ ఊచ మీద అతని చేతిని గట్టిగా పట్టుకుంది.

"రాకపోతే బాగా దాక్కున్నావనుకుంటాలే బావా."